మునకయా, ముంపా?

నీటిలో మునుగుటను తెలుపు మాటలు మన భాషలో పెక్కులు గలవు. అవి పర్యాయపదములవలె తోచును గాని వాని ఫలములు వేరు. పుష్కరదినములలో గోదావరిలో దిగిన యాత్రికుడు మూడు మునకలు వేయును. తానై దిగును, తానై లేచును. దిగిన మనుష్యుడే ఒడ్డునకు వచ్చును. వినాయకచవితి పిమ్మట మనము ప్రతిమను నిమజ్జనము గావింతుము. అది భక్తితో చేయు కార్యమే. అయినను దిగిన ప్రతిమ తిరిగి రాదు, మట్టి నీటిలో కలిసిపోవును. మూడవది ముంపు. నాగార్జునసాగర జలాశయము క్రింద ఇక్ష్వాకుల విజయపురి మునిగినది. 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు సాగించి, దొరికిన శిల్పములను కొన్ని కట్టడములను కొండమీదికి తరలించిరి. ఆ కొండ నేడు ద్వీపము, అందొక మ్యూజియము. ఊరు పోయినది, ఊరి రాళ్ళు మిగిలినవి.

నాలుగవ మాట అవగాహనము. సంస్కృతమున దీనికి ప్రధానార్థము నీట దిగి మునుగుటయే. తెలుగున నది చక్కగా గ్రహించుట యను నర్థమున స్థిరపడినది. లోతునకు దిగినవానికే విషయము తెలియునను అనుభవము ఈ యర్థపరిణామమున నిమిడియున్నది.

ఈ మాటలను ఇంతగా తరచి చూచుటకు కారణము గలదు. పసిబిడ్డను ఒకటవ తరగతినుండియే ఆంగ్లములో ముంచినచో ఆ భాష దానంతట నదియే వచ్చునను వాదము నేడు మనదేశమున ప్రబలియున్నది. దీనికి ఇమ్మర్షన్ అని పేరు. ముంచుట సరియే. కాని యీ నాల్గింటిలో మన బిడ్డకు లభించునది ఏది?

ఆ పేరునకు ప్రసిద్ధి తెచ్చిన ప్రయోగము కెనడాదేశమున, మాంట్రియలు నగరము చెంతనున్న సెయింట్ లాంబర్ట్ అను పట్టణమున 1965లో ఆరంభమైనది. అచ్చటి ఆంగ్లేయభాషాకుటుంబములవారు తమ బిడ్డలకు ఫ్రెంచి బాగుగా రావలెనని కోరి, శిశుతరగతినుండి ఫ్రెంచిలోనే బోధింపజేసిరి. మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పండితులగు లాంబర్ట్, టకర్ అనువారు ఆ బిడ్డలను ఏండ్లతరబడి పరీక్షించి 1972లో గ్రంథము ప్రకటించిరి. బిడ్డలకు ఫ్రెంచి చక్కగా అబ్బినది; ఆంగ్లమునకు లోపము రాలేదు. ఈ ఫలితము నిజము. మేము దానిని కాదనము.

కాని ఆ ప్రయోగము ఎట్టి నేలపై నిలిచినదో చూడవలెను. ఆ బిడ్డల మాతృభాష ఆంగ్లము. వ్యాపారమునందును అధికారమునందును దానికి ఎదురులేని స్థానము. ఉపాధ్యాయులకు ఉభయభాషలును తెలియును; బిడ్డ తన భాషలో పలికినను గురువునకు అర్థమగును. రెండవ తరగతినుండి ఆంగ్లపాఠములును చేర్పబడినవి. తలిదండ్రులు తామై కోరి చేర్చిరి. ఇంటినిండ పుస్తకములు. ఇది మునక: దిగినవాడు తన భాషతోనే లేచి, మరియొక భాషను వెంట తెచ్చుకొనెను.

మన పల్లెబిడ్డ సంగతి వేరు. వాని యింట ఆంగ్లము వినబడదు. పెక్కుచోట్ల బోధించు ఉపాధ్యాయునికే ఆ భాషలో ధారాళముగా మాటలాడు అలవాటు లేదు. గణితమున తెలియనిది లెక్కయో, లెక్క చెప్పిన భాషయో బిడ్డకు తెలియదు. వాడు పాఠమును వల్లించును గాని అవగాహనము చేసికొనడు. తన యింటి భాష బడిలో పనికిరానిదని నేర్చుకొనుటయే వాని మొదటి పాఠమగుచున్నది. ఇట్టి విద్యకు విద్వాంసులు ఇమ్మర్షన్ అను పేరు నీయక, ముంపు అను నర్థము వచ్చు సబ్‌మర్షన్ అను వేరు పదమును వాడుచున్నారు. ఈ భేదమును మన పాలకులు గ్రహింపవలెను.

ఆంధ్రప్రదేశమున 2019 నవంబరులో ప్రభుత్వ పాఠశాలలయందు ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టుచు ఉత్తర్వులు వెలువడినవి. 2020 ఏప్రిలులో ఉన్నతన్యాయస్థానము వానిని కొట్టివేసినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధింపవలెనని చెప్పుచున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము సాధ్యమైనచోట్ల కనీసము అయిదవ తరగతివరకు ఇంటిభాషయే మాధ్యమముగా నుండవలెనన్నది. అయినను తెలంగాణమున 2022-23 విద్యాసంవత్సరమున ప్రభుత్వ పాఠశాలలకు ఆంగ్లమాధ్యమము వచ్చినది. అదే తెలంగాణమున నిజాం పాలనలో తెలుగుబిడ్డ ఉర్దూలో చదువవలసివచ్చినపుడు మాతృభాషకొరకు ఎంత ఆందోళన జరిగెనో మరువదగునా? 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన సమావేశమైన ఆంధ్రమహాసభ వెనుకనున్న వేదన ఇదియే కదా!

దీనికి ప్రతివాదము బలమైనదే. “ధనికుల బిడ్డలు ఆంగ్లము చదివి ఉద్యోగములందుచుండగా, కూలివాని బిడ్డకు మాత్రము తెలుగే చాలునని చెప్పుటకు మీరెవరు?” అని అడుగుచున్నారు. ఈ ప్రశ్నయందు న్యాయము గలదు. మాతృభాషాసభలలో ఉపన్యసించి, ఇంటికి వచ్చి తమ మనుమలను ఆంగ్లపాఠశాలలకు పంపు పెద్దలకు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పు అర్హత లేదు. మా పాఠకులలో భూవసతి గలవారును పట్టణవాసులును హెచ్చు. కనుక ఈ మాట మొదట మనకే తగులును. త్యాగము బీదవానిచేత చేయించి కీర్తి మనము పొందుట ధర్మము కాదు.

కాని ఆ తండ్రి కోరినది ఆంగ్లభాష. మనము ఇచ్చునది ఆంగ్లమాధ్యమము. ఈ రెండును ఒకటి కావు. ఆంగ్లమును ఒక భాషగా, దానియందు గట్టి ప్రవేశముగల గురువులచేత, మొదటినుండి చక్కగా నేర్పవచ్చును. అయిదవ తరగతివరకైనను గణితము, ప్రకృతిశాస్త్రము మొదలగువానిని తెలుగున బోధించి, పిమ్మట క్రమముగా ఆంగ్లమునకు తీసికొనిపోవచ్చును. దీనికి వ్యయము కావలెను, శిక్షితులగు ఉపాధ్యాయులు కావలెను. బడి ముందటి పలక మార్చుట సులభము. గురువును తయారుచేయుట కష్టము. సులభమైనది చేసి కష్టమైనది చేసితిమని చెప్పుకొనుటయే నేటి దోషము.

మరియొక మాట. ఆంగ్లపు ముంపును నిందించు మనము తెలుగును మరియొకరిపై ముంపుగా పంపరాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి ప్రాంతమున సవరలకు చదువు చెప్పదలచి, ముందు తామే సవరభాష నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, సవరబిడ్డలకు సవరలోనే బోధింపజేసిరి. ఆయన జన్మదినమగు ఆగస్టు 29వ తేదీని తెలుగుభాషాదినముగా జరుపుకొనుచున్నాము. మన్యపు బిడ్డలకు, గోండు బిడ్డలకు వారి భాషలో తొలి అక్షరము దొరకునట్లు చేయనిచో ఆ ఉత్సవమునకు అర్థమేమి?

బిడ్డను నదిలో దింపవలసినదే. పట్టుకొనుటకు మెట్టు, చెంత ఈతనేర్చినవాడు, లేచి నిలుచుటకు తన నేల ఉండవలెను. అవి లేకుండ త్రోసివేసి, పిమ్మట తెలుగుభాషను ద్వీపములోని మ్యూజియమున చూపుకొనుటకు మేము సమ్మతింపము. ప్రజలును సమ్మతింపరాదు.