శివారు పొలము



మా యింటికి చేరువనే బందరు కాలువ పాఱుచున్నది. సార్వా పంటకు విజయవాడ ప్రకాశం బ్యారేజినుండి నీరు విడిచినపుడు మొదట తడియునవి యెగువ పొలములు. దివిసీమవంటి శివారు ప్రాంతముల రైతులు నారు పోసికొని కాలువవంక జూచుచుందురు. పైవారు తడుపుకొనగా మిగిలినదే వారి భాగ్యము. పాత యానకట్ట 1855లో ముగిసినది. 1957లో దాని స్థానమున బ్యారేజి వచ్చినది. శివారు రైతు మొఱ మాత్రము నేటికిని వినబడుచునే యున్నది.

గృహిణి దినచర్యలో ఆనందము అట్టి శివారు పొలమేయని నాకు దోచుచున్నది. వంట, పిల్లల చదువు, పాలపద్దు, రాకపోకలు ముందుగా కాలమును ద్రావును. మిగిలినచో మన మనసునకు, మిగులుట యరుదు.

నా సంగతియే చెప్పెదను. మా తండ్రిగారు నాకు ఇంటనే యమరమును, కావ్యములను, భాగవతమును చదివించిరి. పదునాఱేండ్ల క్రిందట కాపురమునకు వచ్చునపుడు ఆ పుస్తకములను పెట్టెలో బెట్టి తెచ్చుకొంటిని. మా యత్తగారికి అక్షరములు రావు, పద్యమన్న ప్రాణము. "అమ్మాయీ, తీరిక దొరికినపుడు రుక్మిణీకల్యాణము చదివి వినిపింపవే" అని యడిగిరి. "ఈ యావకాయ పని కానిండు, అత్తయ్యా" అంటిని. ఆవకాయ తరువాత వడియములు, వడియముల తరువాత ఆడుబిడ్డ పురుడు, అంతలో సంక్రాంతి. ఏండ్లు గడచినవి.

మూడేండ్ల క్రిందట నొకనాటి మధ్యాహ్నము నిజముగనే తీరిక చిక్కినది. పుస్తకము దీసి ఆమె ప్రక్కన గూర్చుండి చదువ నారంభించితిని. ఆమె కొంతసేపు నా పెదవులవంక జూచి, చిరునవ్వుతో "వినబడుట లేదే తల్లీ! అయినను చదువు" అనిరి. చదివితిని, కంఠము మాత్రము సాగలేదు. నేను వాయిదా వేసినది నా యొక్కతె సంతోషము కాదని ఆనాడు తెలిసినది.

ఆ యేటినుండి మా యింట ఏడు విధముల యూరగాయలు మూడైనవి. ఇత్తడి సామాను పండుగలకే తోముచున్నాను. చుట్టములు కొంత గొణిగిరి. మావారు బడినుండి వచ్చి పిల్లల లెక్కలు తామే చూచుచున్నారు. సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట అరగంట చదువు. మా యమ్మాయి వినును. అత్తగారు ప్రక్కన గూర్చుండి, నేను తలయూపినపుడు పుట త్రిప్పుదురు.

సంతోషమని తోచినదెల్ల చేయుడని నా మాట కాదు. కఠోపనిషత్తు శ్రేయస్సును, ప్రేయస్సును వేఱుచేసి చూపినది. జ్వరపడిన బిడ్డయొద్ద మేలుకొనుటలో సుఖము లేదు. అయినను అది విడువరానిది. కాని విడువదగిన పనులు కొన్ని కలవు. నలుగురి మెప్పునకై చేయునవి, ఒకప్పుడు మొదలిడితిమి గనుక మానలేకున్నవి, అట్టివి. "ఇది మానినచో ఎవరికి నష్టము? చేసినచో ఎవరికి ముదము?" అని ప్రశ్నించుకొన్న అవి తామే బయటపడును.

తైత్తిరీయమున భృగువు తపస్సు చేసి మొదట అన్నమే బ్రహ్మమని యెఱిగెను; పిదప ప్రాణము, మనస్సు, విజ్ఞానము; కడపట ఆనందము. అన్నమును నిందింపరాదని అచ్చటనే చెప్పబడినది. కాని భృగువు అన్నముకడనే నిలిచిపోలేదు. మనమో, జీవితమెల్ల తొలి మెట్టునకే తోరణములు గట్టుచున్నాము!

1896లో బాపట్లలో జన్మించిన కనుపర్తి వరలక్ష్మమ్మగారు సంసారము నడపుకొనుచునే "గృహలక్ష్మి" పత్రికలో "శారద లేఖలు" వ్రాసిరి. 1931లో స్వస్థలమున స్త్రీలకై స్త్రీ హితైషిణీ మండలిని స్థాపించిరి. 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణము నందిరి. ఇంటిపని ముగిసిన పిమ్మట వ్రాయుదమని కూర్చున్నచో ఆ లేఖలలో నొక్కటియు మనకు దక్కియుండదు. ఇంటిపని ముగియునది కాదుగదా!

సోదరీ, రేపటి పనులు తలపోయునపుడు శివారు పొలమునకు ముందుగా నొక వంతు కట్టుము. నీ కంఠము వినగోరువారికి ఇంకను వినబడుచుండగనే ఆ పుస్తకము తెఱువుము.