కూలివాడి గూటికి బజారు ధరా?

భీమవరం చుట్టుపక్కల వరిచేలు ఎన్నో చేపల చెరువులు, రొయ్యల చెరువులయ్యాయి. ఊడ్పులు, కోతలు తగ్గి పని దొరకని కూలీలు, కౌలు గిట్టక చేను వదిలేసిన చిన్నరైతులు పొట్ట చేతబట్టుకుని పట్టణం చేరారు. రొయ్యల షెడ్లలోనో, తాపీ పనిలోనో కుదురుకుని, శివార్లలో రెండు గదులు వేసుకున్నారు. ఇంటిపన్నుతో రైతు పేజీకి పనేమిటని ఎవరైనా అడిగితే మేము చెప్పేదొకటే: ఆ ఇల్లు నిన్నటి రైతుకూలీది.

వెనక పట్టణాల్లో అద్దె విలువను బట్టి పన్ను వేసేవారు. 2020 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ పద్ధతి మార్చింది. 2021 ఏప్రిల్ నుంచి మూలధన విలువ మీద, అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు కట్టే స్థలం ధరను లెక్కలోకి తీసుకుని పన్ను వేస్తున్నారు. ఎందుకొచ్చింది ఈ మార్పు? పట్టణ పన్నులను భూమి విలువకు ముడిపెడితే అదనంగా అప్పు తెచ్చుకోనిస్తామని 2020లో కేంద్రం షరతు పెట్టింది. ఆ షరతుకు తలూపినందుకు మన రాష్ట్రానికి 2,525 కోట్ల రూపాయల అప్పుకు అనుమతి దొరికింది. అప్పు చేసేది పాలకులు, తీర్చేది రేకుల ఇంటివాడూనా?

2022 ఏప్రిల్ 4న భీమవరం జిల్లా కేంద్రమైంది. సంతోషమే. కాని జిల్లా కేంద్రమైతే స్థలాల ధర ఊరుకోదు కదా! పైగా 2025 ఫిబ్రవరిలో రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ విలువలు మళ్లీ సవరించారు. స్థలాలు కొని అమ్మేవాడికి ధర పెరిగితే లాభం. తలదాచుకోవడానికే ఇల్లున్నవాడికి ఏం ఒరిగింది? గోడలు వండుకు తింటాడా? ఏడాదికి 15 శాతానికి మించి పెంచబోమన్నారు. ఏటా 15 శాతం పెరిగితే వెయ్యి రూపాయల పన్ను ఐదేళ్లకు 2,011 రూపాయలవుతుంది. ఐదేళ్లలో కూలి రెట్టింపైందా?

బీదవాడికి సాయమే లేదని మేము అనడం లేదు. 375 చదరపు అడుగులు మించని ఇంట్లో సొంతదారే కాపురముంటే ఏడాదికి 50 రూపాయలే పన్ను. ఇది మంచి నిబంధన. అయితే ఇంటి ముందు అరుగూ వసారా కొలతలో కలిశాయంటే హద్దు దాటినట్టే. టిడ్కో ఇళ్లనే చూడండి. 300, 365, 430 చదరపు అడుగులని మూడు రకాలు. కాగితం మీద మొదటి రెండూ హద్దు లోపలే, మూడోది బయట. బ్యాంకు అప్పు మోస్తూ 430 అడుగుల ఇల్లు తీసుకున్నవాడు జమీందారైపోయాడా? నెలకు 4,000 రూపాయల పింఛనుతో బతికే ముసలమ్మకు 400 అడుగుల పాత ఇల్లుంటే ఆమెకూ సాయం అందదు. కొలత అడుగుతారు గాని, రాబడి అడిగేవాడు లేడు.

గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ. 2025 మార్చిలో బకాయి కడితే సగం వడ్డీ మాఫీ అన్నారు. చేతిలో రొక్కమున్నవాడికే ఆ మేలు.

దారులు లేకపోలేదు. హైదరాబాదులో ఏడాది పన్ను 1,200 రూపాయల లోపున్న ఇళ్లకు 101 రూపాయలే చేశారు. బొంబాయిలో 500 చదరపు అడుగుల దాకా ఇళ్లకు 2022లో పన్ను మాఫీ ప్రకటించారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 1964 నుంచీ ఇంటిపన్నును కుటుంబ రాబడితో పోల్చి, భారం మించినవారికి సాయం ఇస్తున్నారు. పెట్టుబడిదారీ దేశానికే తోచిన న్యాయం మనవాళ్లకు తోచదా?

మేము అడిగేది ఇంతే. 375 హద్దును 500కు పెంచాలి. పింఛనుదార్లకు, కూలి కుటుంబాలకు రాబడిని బట్టి పన్ను తగ్గించాలి. బీదల బకాయిలను వాయిదాల్లో కట్టించుకుని వడ్డీ మొత్తం రద్దు చేయాలి.

ఈలోగా ప్రతి ఇంటివారూ నోటీసులో వేసిన కొలతను టేపు పట్టి సరిచూసుకోండి. తేడా ఉంటే కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోండి. కట్టగలిగినవారు ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను కడితే 5 శాతం తగ్గుతుంది. ఒక్కడు వెళితే రేపు రమ్మంటారు. పేటంతా కలిసి వెళ్లండి.