చవకగా వచ్చిన రంపం, వెల కట్టలేని వేళ్లు

పదవీ విరమణ తరువాత ఇంట్లో వడ్రంగం పని మొదలుపెట్టేవారిని నేను ఎప్పుడూ ప్రోత్సహిస్తాను. చేతికీ మనసుకూ అది మంచి వ్యాపకం. అయితే ఇటీవల ఒక మిత్రుడు తక్కువ ధరకు కొన్న పాత టేబుల్ సా యంత్రాన్ని సంతోషంగా చూపించారు. మోటారు బాగుంది, బల్ల చదునుగా ఉంది. బ్లేడును కప్పి ఉంచవలసిన గార్డు మాత్రం లేదు. "పనికి అడ్డమని అమ్మినాయన ఎప్పుడో తీసేశాడటండీ" అన్నారు. ఆ మాటే ఈ వ్యాసానికి కారణం.

ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసిన కాలంలో తెగిన వేళ్లతో వచ్చిన వడ్రంగులను ఎందరినో చూశాను. వారిలో చాలామంది పని రానివారు కారు, ఏళ్ల అనుభవం గలవారు. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 2800 సార్లు తిరిగితే దాని పళ్లు గంటకు 130 కిలోమీటర్లకు పైగా వేగంతో కదులుతాయి. చేయి వెనక్కి తీసుకునేలోగానే వేలు తెగిపోతుంది. ఆ వేగం ముందు అనుభవం పనిచేయదు. మధ్యలో అడ్డుగా నిలిచే వస్తువే కాపాడుతుంది.

కనుక నా అభిప్రాయం ఇది. పాత యంత్రం కొనడం తప్పు కాదు. గార్డు, రివింగ్ నైఫ్ లేని యంత్రంతో పని మొదలుపెట్టడం తప్పు. రివింగ్ నైఫ్ అంటే బ్లేడుకు సరిగ్గా వెనుక నిలిచే పలుచని ఉక్కు రేకు. కోసిన చెక్క ముక్కలు దగ్గరకు వచ్చి బ్లేడును బిగించకుండా అది ఆపుతుంది. అది లేకపోతే వెనుక పళ్లు చెక్కను లేపి మనిషి మీదకు విసరవచ్చు. ఆ కుదుపులో చేయి బ్లేడు మీదకు జారే ప్రమాదం ఉంది. ఆ మోడల్‌కు సరిపోయే భాగాలు దొరికితే వాటి ధరను కూడా లెక్కలో వేసుకుని బేరమాడండి. దొరకకపోతే ఆ యంత్రాన్ని వదిలేయండి.

కొనేముందు ప్లగ్ తీయించి, బ్లేడు బిగించే షాఫ్టును కదిలించి చూడండి. ఊగుతుంటే బేరింగులు అరిగినట్లే. ఇంటికి తెచ్చాక, యంత్రం వేగాన్ని తట్టుకుంటుందని ముద్రించి ఉన్న కొత్త బ్లేడు వేయండి. చెక్కను ఆనించి నడిపే ఫెన్స్ బ్లేడుకు సమాంతరంగా ఉందో లేదో ముందూ వెనుకా కొలవండి. ఎర్తింగ్ సరిచూపించండి. కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తాను తిరగని స్విచ్ పెట్టించండి. చేతితొడుగులు వేసుకోవద్దు, బ్లేడుకు చిక్కితే చేతిని లాగేస్తాయి. చెక్కను తోయడానికి కర్ర వాడండి. చెక్క పొడి మనుషులలో క్యాన్సర్ కలిగించగలదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. అందుచేత ఎన్95 మాస్కు తప్పనిసరి.

మా వయసువారికి మరో మాట. మగత కలిగించే మందు వేసుకున్న రోజు యంత్రం జోలికి పోవద్దు. రక్తం పలుచబడే మందులు వాడేవారికి గాయమైతే రక్తం త్వరగా ఆగదు.

ప్రమాదం జరిగితే శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమి, చేతిని పైకెత్తి ఉంచండి. తెగిన వేలిని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు కలిపిన నీటిలో ఉంచండి. వేలు నేరుగా ఐసుకు తగలకూడదు. ఐసు ముక్కల మధ్య పెట్టి తెచ్చిన వేళ్లు గడ్డకట్టి అతికించడానికి పనికిరాకుండా పోవడం నేను చూశాను. పసుపు, కాఫీ పొడి వంటివి పూయవద్దు. చేతి శస్త్రచికిత్స చేసే ఆసుపత్రికి వెంటనే బయలుదేరండి.

నా మిత్రుడు గార్డు, రివింగ్ నైఫ్ వచ్చేవరకు యంత్రానికి గుడ్డ కప్పి ఉంచారు. మనవడికి చేయదలచిన చిన్న బల్ల కొంత ఆలస్యమవుతుంది. అయినా పరవాలేదు.