తిరిగి వచ్చినవాడికి పసుపు ముద్దా?

నెల్లూరు చరిత్ర ఎవరు చెప్పినా ఖడ్గతిక్కన దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచుతారు. పుల్లరి, అంటే మేత పన్ను, తగాదాలో పశువుల మందల దొర కాటమరాజు మీదికి వెళ్లిన సేనాని, బలగమంతా చితికిపోయి ఇంటికి వస్తాడు. భార్య చానమ్మ స్నానానికి నీళ్లు తోడి, చుట్టూ నులకమంచం చాటు పెట్టి, పక్కన పసుపు ముద్ద ఉంచుతుంది. ఇదేమిటని అడిగితే, ఈ ఇంట్లో ఇక మగవాడెవరూ లేరన్నట్టు జవాబిస్తుంది. అన్నానికి కూర్చుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసి, యుద్ధంలో విరిగి వచ్చావని దెప్పుతుంది. తిక్కన కత్తి పట్టుకుని మళ్లీ వెళ్తాడు. ఈసారి తిరిగి రాడు.

దీన్ని తెలుగు ఇల్లాలి పౌరుషానికి పరాకాష్ఠ అంటున్నాం. భర్తను యుద్ధానికి సాగనంపిన పల్నాటి మాంచాల పక్కన చానమ్మను నిలబెట్టి, ఇలాంటి తల్లులూ భార్యలూ ఉండబట్టే జాతి నిలిచిందని సభల్లో చప్పట్లు కొట్టించుకుంటున్నాం. ఈ మాట తప్పని నేనంటాను. యుద్ధం నుంచి ప్రాణాలతో వచ్చిన మనిషిని అవమానించి మళ్లీ చావుకు తోలడం ఏ జాతికీ గర్వకారణం కాదు. సైనికుడి పట్ల మన బాధ్యతను మనమే మరిచిపోయేలా చేసే కథ ఇది.

అసలు యుద్ధం దేనికి వచ్చిందో ముందు చూడాలి. కరువుకు తాళలేక కాటమరాజు మందలు మేత వెతుక్కుంటూ నెల్లూరు రాజ్యంలోకి దిగాయి. మేతకు బదులు కోడెదూడలను పుల్లరిగా ఇవ్వాలన్నది నెల్లూరు రాజు మనుమసిద్ధితో కుదిరిన ఒప్పందం. ఆ తర్వాత మాటా మాటా పెరిగింది, ఆవులు చచ్చాయి, పుల్లరి కట్టేది లేదన్నారు. కొమ్ములవాళ్లు ఈనాటికీ పాడే కాటమరాజు కథలో ఈ తగాదా మలుపులన్నీ ఉన్నాయి. కూర్చుని తేల్చుకోదగిన మేత లెక్క కోసం పాలేటి ఒడ్డున రెండు వైపులా మనుషులు తెగిపడ్డారు. పంపిన రాజును చానమ్మ నిలదీయలేదు. ఆమె చేతిలో ఉన్నదల్లా పసుపు ముద్ద, ఎదురుగా ఉన్నది అలిసిపోయి వచ్చిన మొగుడు.

చానమ్మను నేను తప్పు పట్టడం లేదు. పదమూడో శతాబ్దంలో సేనాని భార్యకు ఏ మాటలు నేర్పారో ఆ మాటలే ఆమె నోట వినబడుతున్నాయి. అవి కూడా ఆమె సొంత మాటలని చెప్పడానికి ఆధారం ఏమీ లేదు. చాటుపద్యాలుగా మనదాకా వచ్చాయి, ఆ పద్యాలు కట్టి సభల్లో చదివింది మగవాళ్లు. మగవాడు చచ్చి తీరాలన్న కోరికను ఆడదాని నోట పలికిస్తే ఎదురు చెప్పేవాడుండడు. ఆ మర్నాటి నుంచి విధవగా ఆమె బతికిన బతుకు గురించి ఒక్క పద్యమైనా మనకు ప్రచారంలో లేదు.

ఇంతకీ ఆ చావు ఏం సాధించింది? 1263 ప్రాంతంలో జటావర్మ సుందరపాండ్యుడి సేనలు నెల్లూరు మీదికి వచ్చాయి. ఇప్పుడు కృష్ణపట్నం రేవూ, నేలటూరు థర్మల్ కేంద్రం పొగగొట్టాలూ, రొయ్యల గుంటలూ కనిపించే ముత్తుకూరు తీరంలోనే తెలుగు సైన్యం ఓడింది. పాండ్యుడు నెల్లూరులో వీరాభిషేకం చేసుకున్నాడు. మనుమసిద్ధి రాజ్యం అక్కడితో ముగిసింది. పశువుల మేత గొడవలో సేనానినీ బలగాన్నీ పోగొట్టుకున్న రాజ్యానికి అసలైన శత్రువు వచ్చిన రోజున ఏం మిగిలి ఉంటుంది?

అదే ఇంట్లో ఇంకో తిక్కన ఉన్నాడు. కవి తిక్కన, ఖడ్గతిక్కన అన్నదమ్ముల బిడ్డలు. అంతకు ముందు మనుమసిద్ధి గద్దె పోగొట్టుకున్నప్పుడు తిక్కన సోమయాజి ఓరుగల్లు వెళ్లి, గణపతిదేవుణ్ణి ఒప్పించి రాజ్యం తిరిగి ఇప్పించాడని సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. అక్కడా చివరికి కదిలింది సైన్యమే, కాదనను. కానీ ఎవరితో, దేనికోసం, ఎప్పుడు పోరాడాలో తెలిసినవాడు ముందు నడిచాడు. నెల్లూరుకు ఆ రాయబారం చేసిన మేలు ఆ పసుపు ముద్ద చేయలేదు.

ఆ సోమయాజి భారతాన్ని మొదలుపెట్టింది విరాటపర్వంతో. అందులోనూ పశువుల కోసమే యుద్ధం. కౌరవ సేనను చూడగానే ఉత్తరకుమారుడు రథం దూకి పరుగెడతాడు. వెంటపడి పట్టుకున్నది ఎవరు? చీర కట్టి, జడ వేసుకున్న బృహన్నల. ఆడవేషంలో ఉన్న ఆ మనిషే ఆ రోజు కౌరవుల్ని ఒంటరిగా తరిమికొట్టాడు. పారిపోయిన పిల్లవాణ్ణి ఆయన వెక్కిరించలేదు. ధైర్యం చెప్పి, జమ్మిచెట్టు మీది ఆయుధాలు దింపించి, పగ్గాలు చేతికిచ్చాడు. గెలిచాక, ఈ విజయం నీదేనని మీ నాన్నతో చెప్పమన్నాడు. ఉత్తరుడు ఆ ఘనత తీసుకోలేదు, ఎవరో దేవకుమారుడు గెలిపించాడని చెప్పాడు. భయపడ్డ పిల్లవాడు ఒక్క రోజులో నిజాయితీ గల మనిషయ్యాడు. నెల్లూరు సొంత మహాకవి కలంలో ఇంత గొప్ప ఘట్టం ఉండగా, వీరత్వం నేర్పడానికి మనం విరిగిన పాల కథనే ఎందుకు ఎంచుకుంటున్నాం?

పౌరుషం రెచ్చగొట్టకపోతే దేశాన్ని ఎవరు కాపాడతారని అడిగేవారున్నారు. ఇలా రెచ్చగొట్టి చూసిన దేశం సంగతి వినండి. 1914 ఆగస్టులో ఇంగ్లండులోని ఫోక్‌స్టన్‌లో అడ్మిరల్ ఛార్లెస్ ఫిట్జ్‌జెరాల్డ్ 30 మంది స్త్రీలను కూడగట్టి, యూనిఫాం లేని యువకుల చేతికి తెల్ల ఈకలు ఇప్పించాడు. తెల్ల ఈక అంటే పిరికివాడని. అది దేశమంతా పాకింది. సెలవు మీద ఇంటికొచ్చి మామూలు బట్టల్లో తిరుగుతున్న సైనికులకూ, గాయపడి ఉద్యోగం వదిలినవాళ్లకూ ఈకలు అందాయి. చివరికి 1916లో, వీళ్లు యుద్ధం చేసి వచ్చినవాళ్లేనని తెలిసేలా ప్రభుత్వమే వెండి బ్యాడ్జీలు ఇవ్వాల్సి వచ్చింది. ఆ యుద్ధంలోనే పారిపోవడం, పిరికితనం వంటి నేరాల కింద కాల్చి చంపిన 306 మంది సైనికులకు బ్రిటన్ 2006లో క్షమాభిక్ష ప్రకటించింది. వాళ్లలో చాలామంది ఫిరంగుల మోతకు మనసు చెదిరినవాళ్లు. క్షమాభిక్ష వచ్చేనాటికి వాళ్ల తల్లులు ఎవరూ బతికి లేరు.

అదే బ్రిటన్ 1940లో డన్‌కర్క్ తీరం నుంచి 3,38,000 మందికి పైగా సైనికుల్ని వెనక్కి తెచ్చుకుంది. ఓడి వచ్చినవాళ్లే వాళ్లంతా. రేవుల్లో, రైలు స్టేషన్లలో జనం టీ, రొట్టెలు ఇచ్చి ఎదుర్కొన్నారు. ఆ సైన్యం దక్కబట్టే తర్వాత యుద్ధం చేయగలిగారు. మన దేశంలోనూ 2019లో శత్రువు చేతికి చిక్కి వాఘా దాటి వచ్చిన పైలట్ అభినందన్‌ను జనం నెత్తిన పెట్టుకున్నారు, ప్రభుత్వం వీరచక్ర ఇచ్చింది. ఆ రోజు మన ప్రవర్తన సరైనది. కానీ ఆ మర్యాద కెమెరాల ముందుకు వచ్చిన ఒక్క అధికారికే దక్కితే చాలదు. నిద్రలో ఉలిక్కిపడి లేచే జవానుకూ, మధ్యలో ఉద్యోగం వదిలి ఊరికొచ్చిన కుర్రాడికీ అదే మర్యాద అందాలి. వాళ్లను రచ్చబండ దగ్గర "ఏం, తట్టుకోలేక వచ్చేశావా" అని నవ్వుతూ అడిగే నోళ్లకు ఆ ధైర్యం ఇచ్చింది మనం మెచ్చుకుంటూ వచ్చిన ఇలాంటి కథలే.

ఖడ్గతిక్కన కథను ఎవరూ చెప్పవద్దని నేననను. పాఠం చెప్పే ఉపాధ్యాయులకూ, వేదికలెక్కే పెద్దలకూ ఒక్కటే మనవి. చప్పట్లకు ముందు పిల్లల్ని రెండు ప్రశ్నలు అడగండి: ఆయన్ని యుద్ధానికి పంపింది ఎవరు, ఎందుకోసం పంపారు? ఆ వెంటనే, అదే గంటలో, బృహన్నల ఉత్తరుడితో ఎలా మాట్లాడాడో కూడా చెప్పండి.