గృహోపయోగ విషయములు: పాత ల్యాప్‌టాప్, క్రొత్త వ్యవస్థ

చిత్తూరునుండి తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమునకు బస్సులో పోయివచ్చు కుమార్తెకు ల్యాప్‌టాప్ కొనదలచితిరా? క్రొత్తదే కానక్కరలేదు. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టువారు విండోస్ 10నకు సాధారణ సంరక్షణ నిలిపిరి. విండోస్ 11నకు తగని పాత యంత్రములు చవుకగా దొరకును. విండోస్‌నకు బదులు వానిలో లినక్స్ చక్కగా నడచును. 1991లో పుట్టిన యీ వ్యవస్థకు వెల లేదు. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు దానిని తెలుగులోనికిఁ దెచ్చిరి.

కళాశాలవారు విండోస్‌లోనే నడచు సాఫ్టువేరు కోరుదురేమో మొదట విచారింపుడు. బరువు కిలోన్నరకు మించరాదు. 8 జీబీ ర్యాము, ఎస్‌ఎస్‌డీ ఉండవలెను. సొమ్ము చెల్లింపక మునుపే, లినక్స్ నింపిన పెన్‌డ్రైవుతో అంగడిలోనే యంత్రమును నడిపి, వైఫై, ధ్వని, మీటలు, బ్యాటరీ పరీక్షింపుడు. అందులకు అంగడివాఁడు సమ్మతింపనిచో ఆ బేరము మానుడు. బిడ్డ చదువునకై గాజులు కుదువబెట్టవలసిన పని యుండదు.