బండికి ‘బుర్ర’ మార్చే ముందు...

మదనపల్లె మార్కెట్లో టమాటా లోడు ఎక్కింది. తెల్లారేసరికి చెన్నై చేరాలి. డ్రైవరు తాళం తిప్పాడు. సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజిన్ అందుకోవడం లేదు. మెకానిక్ వచ్చాడు. డీజిల్ ఉంది, ఫిల్టరు బాగానే ఉంది. చివరికి స్కానర్ తగిలించి చూసి, తల అడ్డంగా ఊపుతూ అంటాడు... ‘అన్నా, ఈసీఎం పోయింది. బాక్సు మార్చాల్సిందే!’

పికప్ నడుపుకొని బతికేవాళ్లకి ఈ మాట వింటే గుండెలో రాయి పడ్డట్టే. కొత్త బాక్సంటే పదుల వేల రూపాయలు. అది వచ్చేదాకా బండి షెడ్డులోనే. కిరాయిలు పోతాయి. ఫైనాన్సు వాయిదా మాత్రం ఆగదు. పోనీ అంతా పెట్టి మార్చాక కూడా బండి స్టార్టు కాకపోతే? ఆ అనుభవం అయినవాళ్లూ ఉన్నారు.

ఈసీఎం చెడిపోదని కాదు. నిక్షేపంలా చెడిపోతుంది. కానీ అది బాగానే ఉండి, చెడిపోయినట్టు కనిపించే సందర్భాలు బోలెడు. అందుకే బుర్ర మార్చే ముందు నరాలు చూడాలి. అదెలాగో తెలుసుకుంటే బండి యజమానికి సగం ధైర్యం వచ్చినట్టే.

సెకనుకు వంద సార్లు!

పాత డీజిల్ జీపులకి ఈ గొడవ లేదు. పంపులోని స్ప్రింగులు, బరువులే డీజిల్ ఎంత పోయాలో చూసుకునేవి. ఒకసారి తోసి స్టార్టు చేస్తే, బ్యాటరీ లేకపోయినా ఊరు చేర్చేవి. 1997లో కార్లలోకి ‘కామన్ రైల్’ డీజిల్ విధానం వచ్చాక కథ మారింది. మన దగ్గర 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు అమల్లోకి రావడంతో పల్లెల్లో తిరిగే పికప్‌ల్లో కూడా కంప్యూటరు తప్పనిసరిగా కూర్చుంది. దాని పేరే ఈసీఎం. కొందరు ఈసీయూ అంటారు. షెడ్డు భాషలో మాత్రం ‘బాక్సు’.

అరచేతికి కాస్త పెద్దగా ఉండే ఈ అల్యూమినియం డబ్బా చేసే పని చూడండి. నిమిషానికి 3000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో సెకనుకు 100 సార్లు డీజిల్ మండాలి. ప్రతిసారీ ఎప్పుడు పొయ్యాలి, ఎంత పొయ్యాలి అన్నది సెకనులో వెయ్యో వంతు లెక్కన తేల్చేది ఈసీఎమ్మే. డీజిల్ ఒత్తిడి కూడా తక్కువేం కాదు. కారు టైరులో 30 పాయింట్ల గాలి కొడితే అది సుమారు 2 బార్లు. కామన్ రైల్ గొట్టంలో అది 1600 బార్ల దాకా వెళుతుంది.

ఇంత లెక్క వెయ్యాలంటే కబుర్లు అందాలి కదా. క్రాంక్ ఎక్కడుంది, ఇంజిన్ వేడి ఎంత, రైల్‌లో ఒత్తిడి ఎంత, డ్రైవరు కాలు ఎంత తొక్కాడు... ఇవన్నీ సెన్సర్లు చెబుతాయి. సెన్సర్ మూగబోయినా, మధ్యలో వైరు తెగినా, బ్యాటరీ నీరసించినా ఈసీఎం ఇంజిన్ని స్టార్టు కానివ్వకపోవచ్చు. నింద మాత్రం దాని మీదే పడుతుంది!

స్కానర్ చెప్పిందే వేదమా?

కాదు. ఒక ఉదాహరణ చాలు. స్కానర్లో ‘యు0100’ అనే కోడు వస్తే ‘ఈసీఎం పోయింది’ అని తేల్చేస్తుంటారు. ఆ కోడుకి అర్థం అది కాదు. ‘ఈసీఎంతో మాట కలవడం లేదు’ అని మాత్రమే. పక్కింటాయన ఫోన్ ఎత్తకపోతే మనిషి పోయాడనుకుంటామా? ఫోన్లో చార్జింగ్ లేకపోవచ్చు, సిగ్నల్ లేకపోవచ్చు. ఇదీ అంతే. ఈసీఎమ్‌కి కరెంటు అందకపోయినా, ఎర్తు వదులైనా, వైరు తెగినా అదే కోడు వస్తుంది. ‘పి0606’ వస్తే మాత్రం లోపలి ప్రాసెసర్ మీదే అనుమానం. అప్పుడు కూడా బ్యాటరీ, ఎర్తు చూశాకే తీర్పు.

మీటరు పట్టండి!

కొన్ని వందల రూపాయలకి దొరికే మల్టీమీటరుతో షెడ్డులోనే చేయదగ్గ పరీక్షలివి. మీకు రాకపోతే మెకానిక్‌తో మీ ఎదుటే చేయించండి.

* బ్యాటరీ: బండి ఆగి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు ఉండాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి జారుతుంటే ముందు బ్యాటరీ సంగతి చూడండి. ఇంజిన్ తిరుగుతున్నట్టే ఉంటుంది, ఈసీఎం మాత్రం సొమ్మసిల్లి పడిపోతుంది.

* ఫ్యూజు, మెయిన్ రిలే: ఈసీఎమ్‌కి కరెంటు వచ్చే దారి ఇదే. తాళం ఆన్ చేయగానే డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలగాలి. అది వెలగకపోతే సాధారణంగా బాక్సుకి కరెంటే అందడం లేదని అనుమానించాలి. చిన్న రిలే చేసే దొంగపనికి పెద్ద బాక్సు బలి కాకూడదు.

* ఎర్తు: మీటరు ఒక కొనని బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకో కొనని ఇంజిన్ దిమ్మకి పెట్టి సెల్ఫ్ కొట్టండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్తు వైరు తుప్పు పట్టిందనో, వదులైందనో అర్థం. ఉప్పుగాలి తగిలే తీరప్రాంతాల బళ్లలో ఇది మరీ చూసుకోవాలి.

* 5 వోల్టులు: చాలా సెన్సర్లకి ఈసీఎం నుంచి 5 వోల్టుల కరెంటు వెళుతుంది. ఒక్క సెన్సర్ లోపల షార్టయితే ఆ లైను మొత్తం కూలిపోతుంది. స్కానర్లో పది తప్పులు కనిపిస్తాయి. అప్పుడు ఆ లైను మీదున్న సెన్సర్ల ప్లగ్గులు ఒక్కొక్కటే ఊడదీస్తూ పోవాలి. ఏది ఊడదీయగానే 5 వోల్టులు తిరిగొస్తాయో అదే దొంగ!

* మాటల తీగ: స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. బ్యాటరీ తీసేసి, దాంట్లో 6, 14 నంబరు పిన్నుల మధ్య కొలిస్తే చాలా బళ్లలో 60 ఓములు చూపించాలి. 120 చూపిస్తే రెండు కొసల్లో ఒకటి తెగిందని లెక్క.

ఇవన్నీ సరిగ్గా ఉండి, ఈసీఎం ప్లగ్గు దగ్గరికే కరెంటు, ఎర్తు సక్రమంగా చేరుతూ, అయినా అది పలకకపోతే... అప్పుడు బాక్సు పోయిందనుకోవచ్చు.

బల్బు మార్చినట్టు కాదు

సరే, నిజంగానే పోయింది. కొత్తది తెచ్చి బిగిస్తే బండి పరుగెడుతుందా? పరుగెత్తదు. కొత్త బాక్సు లోపల బుర్ర ఖాళీ. దానికి మీ బండి ఎవరో తెలియదు.

ముందు దానికి మీ బండి ఛాసిస్ నంబరు, ఆ మోడల్‌కి తగిన ప్రోగ్రాము ఎక్కించాలి. తర్వాత తాళం. తాళం లోపలి చిప్‌తో ఈసీఎమ్‌కి పరిచయం చెయ్యకపోతే, దొంగ వచ్చాడనుకుని ఇంజిన్ని ఆపేస్తుంది. ఆ తర్వాత అసలైన పని ఇంజెక్టర్లది. ఒకే ఫ్యాక్టరీలో ఒకే రోజు తయారైనా ఏ రెండు ఇంజెక్టర్లూ అచ్చు ఒకేలా డీజిల్ చిమ్మవు. ఆ తేడా ఎంతో చెప్పే అక్షరాలు, అంకెల కోడు వాటి నెత్తి మీదే ముద్రించి ఉంటుంది. ఏ సిలిండర్లో ఏ కోడు ఉందో బాక్సుకి నేర్పాలి. అది వదిలేస్తే బండి స్టార్టయినా కావచ్చు గానీ పొగ, కుదుపు, మైలేజీ తగ్గడం వెంటాడతాయి. కొన్నాళ్లకి ‘కొత్త బాక్సు కూడా బాలేదు’ అంటాం.

ప్రోగ్రాము ఎక్కుతున్నంతసేపూ బ్యాటరీకి బయటినుంచి సరైన సపోర్టు ఇవ్వాలి. మధ్యలో కరెంటు పడిపోతే కొత్త బాక్సు కొన్నప్పుడే పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది.

సెకండ్‌హ్యాండ్ సంగతేంటి?

స్క్రాపు దుకాణాల్లో పాత బాక్సులు దొరుకుతాయి. ధర తక్కువ. పాత బాక్సులోని సమాచారాన్ని దీంట్లోకి కాపీ చేసి పెట్టేవాళ్లూ ఉన్నారు. మీ పాత బాక్సు మెమరీ బతికుంటే తాళం, ఇంజెక్టర్ కోడుల బెడద కూడా తప్పుతుంది. అయితే రెండింటి మీదా ఉన్న పార్టు నంబరు, హార్డ్‌వేర్ నంబరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ‘చూడ్డానికి ఒకేలా ఉందిగా’ అంటే కుదరదు. పాత బాక్సుని మాత్రం ఎవరికీ వదిలేయకండి. మీ బండి జాతకమంతా అందులోనే ఉంది.

ఇంకో మాట. పనిలో పనిగా ‘పొగ తగ్గించే సిస్టమ్ కూడా ఆపేస్తాం, మైలేజీ పెరుగుతుంది’ అనేవాళ్లుంటారు. ఒప్పుకోకండి. తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటోంది.

చంపిందెవరు?

కొత్త బాక్సు బిగించే ముందు పాతది ఎందుకు పోయిందో తేల్చకపోతే రెండోదీ అదే దారిన పోతుంది. అనుమానించాల్సినవాళ్ల జాబితా పెద్దదేం కాదు.

మొదటిది వెల్డింగ్. తొట్టికి కడ్డీలు అతికించడం, చీలిన తలుపుకి టాకా వేయించడం పికప్‌లకి మామూలే. బ్యాటరీ తియ్యకుండా వెల్డింగ్ పెడితే ఆ కరెంటు ఈసీఎం గుండా దారి వెతుక్కోవచ్చు. బ్యాటరీ టెర్మినళ్లు విప్పి, వీలైతే ఈసీఎం ప్లగ్గు కూడా తీసేసి, వెల్డింగ్ ఎర్తుని అతికే చోటుకి దగ్గర్లోనే తగిలించమనండి.

రెండోది వాటర్ సర్వీసింగ్. ఇంజిన్ మీద, ప్లగ్గుల మీద ప్రెషర్‌తో నీళ్లు కొడితే లోపలికి చెమ్మ దిగుతుంది. ప్లగ్గు విప్పినప్పుడు పిన్నుల మీద పచ్చగా చిలుము కనిపిస్తే అదే సాక్ష్యం.

మూడోది పాత అలవాటు. డైనమో చార్జింగ్ ఇస్తోందా లేదా చూడటానికి నడుస్తున్న ఇంజిన్ మీద బ్యాటరీ వైరు పీకి చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాత జీపుకి అది చెల్లింది. ఇప్పటి బండికి చెల్లదు. బ్యాటరీ అనే మెత్తటి దిండు తొలగగానే డైనమో ఒక్కసారిగా పదుల వోల్టులు ఎగదన్నొచ్చు. జంప్ స్టార్టులో ప్లస్, మైనస్ తారుమారు చేసినా ఇదే గతి.

ఇక ఎలుకలు! నాలుగు రోజులు కదలని బండిలో కాపురం పెట్టి వైర్లు కొరికేస్తాయి. ఇది నయమే, వైరు అతికితే సరిపోతుంది.

షెడ్డులో అడగండి...

ఈసారి ఎవరైనా ‘బాక్సు పోయింది’ అంటే మూడు ప్రశ్నలు వెయ్యండి. ఈసీఎం ప్లగ్గు దగ్గర కరెంటు, ఎర్తు కొలిచారా? ఇంజెక్టర్ కోడులు, తాళం ఎక్కించే స్కానర్ మీ దగ్గరుందా? పాతది ఎందుకు పోయిందో కారణం దొరికిందా? పని తెలిసిన మెకానిక్ ఈ ప్రశ్నలకి నొచ్చుకోడు. మీటరు తీసి చూపిస్తాడు. నొచ్చుకున్నాడంటే... పర్సు తీయకుండా బండిని ఇంకో షెడ్డుకి కట్టి లాక్కెళ్లడమే చవక!