మెట్టుకూ మెట్టుకూ మధ్య

మెట్టు అనగానే మనబోటివాళ్లకు మేడ గుర్తుకు వస్తుంది. వైణికులకు వీణ గుర్తుకు వస్తుంది. మేడమెట్టు మీద కాలు తిన్నగా నిలవాలి. పక్కకు జారితే పడతాం. వీణమెట్టు మీద వేలు పెట్టినవాడు పక్కకు జరగకపోతేనే పాట పడిపోతుంది. మన సంగీతానికి ప్రాణం మెట్టు ఇచ్చే స్వరంలో కంటె, అక్కడినుంచి తీగను లాగితే పుట్టే గమకంలోనే ఎక్కువగా ఉన్నదంటే విద్వాంసులు కోప్పడరనుకుంటాను.

ఈ ప్రస్తావన ఎందుకు వచ్చిందంటే, మా పోతిరెడ్డిపల్లిలో ఒక అమ్మాయి గిటారు నేర్చుకుంటున్నది. చిన్ననాడు కర్ణాటక సంగీతం నేర్చిన పిల్ల. తోడిరాగంలో గాంధారాన్ని ఊపబోతే సన్నతీగ సగం దూరంలోనే మూగపోతున్నదట. "తప్పు నా వేలిదా సార్, గిటారుదా?" అని అడిగింది. వాళ్ల నాన్న పటాన్‌చెరు వైపు ఒక కార్ఖానాలో ఫిట్టరు. వాళ్లింట్లో నాయనమ్మగారి వీణ ఒకటి మూలన పడి ఉన్నది. దాన్ని అమ్మేయాలని ఆయన ఆలోచన. "మెట్లన్నీ వంకరపోయినయ్ సార్, ఇంకేం పనికొస్తది?" అన్నాడు.

ముందు గిటారు సంగతి చూద్దాం. వంటింట్లోంచి చపాతీకర్ర తెప్పించండి. దాని పొడుగునా ఒక దారం బిగించి పట్టుకోండి. తిన్నగా ఉన్నంతసేపూ దారం కర్రను తాకీ తాకనట్లుంటుంది. ఒక కొసను అలాగే ఉంచి, రెండో కొసను కర్ర గుండ్రం మీదుగా పక్కకు జరపండి. దారం నడుమభాగం కర్రకు ఒత్తుకుంటుంది. గిటారులో జరిగేదీ ఇంతే. చాలా గిటార్లలో మెట్లు బిగించిన పలక పైన కొంచెం గుండ్రంగా ఉంటుంది. పాత ఫెండర్ గిటార్లలో ఆ గుండ్రం 7¼ అంగుళాల వ్యాసార్ధం గల వృత్తంలో ముక్క. గిబ్సన్ గిటార్లలో సాధారణంగా 12 అంగుళాలది. వ్యాసార్ధం చిన్నదైన కొద్దీ వంపు ఎక్కువ. పాశ్చాత్యులు నాలుగైదు తీగలను ఒకేసారి నొక్కి స్వరాల గుత్తిని పలికిస్తారు. దానికి ఆ వంపు వేలికి హాయి. తీగను లాగేవాడికి మాత్రం అదే అడ్డు. లాగిన తీగ ముందున్న మెట్ల నడినెత్తికి తగిలి చచ్చిపోతుంది. అందుకే కొందరు తలవైపు వంపు ఎక్కువగానూ, ఒంటివైపు తక్కువగానూ ఉండేటట్లు పలకను చెక్కుతారు.

మెట్ల ఎత్తు కూడా ముఖ్యమే. ఒక్క మెట్టు వెంట్రుకవాసి పైకి లేచినా, దాని వెనక మెట్టు మీది స్వరం జీరపోతుంది. తిన్నని బద్ద పెట్టి చూసి, ఎత్తైనచోట ఆకురాయితో రాసి, మళ్లీ మెట్టు నెత్తిని గుండ్రం చేయాలి. ఈ మాట వినగానే ఫిట్టరుగారి ముఖం వికసించింది. "అట్ల చెప్పండి సార్, ఇది మా పనే గద!" అన్నాడు.

ఇక వీణ. అందులో 24 మెట్లు, స్థాయికి 12 చొప్పున, కదలకుండా అమర్చే పద్ధతిని 17వ శతాబ్దపు పూర్వార్ధంలో తంజావూరు ఏలిన రఘునాథ నాయకుని కాలానికి చెబుతారు. ఆయన స్వయంగా తెలుగు కవి. ఈ మెట్లను చెక్కలో దిగగొట్టరు. దండి మీద రెండు వైపులా నల్లమైనపు గట్లు పోసి, వాటి మీద వంతెనల్లాగా నిలబెడతారు. వేలు కింది చెక్కకు తగలదు. తీగ అరస్వరం పైకి పోవాలంటే దాని బిగువు సుమారు 12 శాతం పెరగాలి. పూర్తిస్వరానికి 26 శాతం. అంత లాగుడుకు చెక్క రాపిడి లేకపోవడం ఎంత మేలో చూడండి! 1970లలో శక్తి బృందంతో వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ వీణ నేర్చుకున్నవాడు. ఆయన గిటారులో మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించుకున్నాడు. వీణ ఎరిగినవాడికి ఆ గుంటల అవసరం ఎవరూ చెప్పనక్కరలేదు.

మన పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఇదే చిక్కును మాండలిన్‌లో విప్పాడు. మామూలు మాండలిన్‌కు జంటతీగలు నాలుగు. రెండింటినీ సమంగా లాగడం కష్టం, నాదమూ ఎక్కువసేపు నిలవదు. ఆయన ఒంటితీగల విద్యుత్ మాండలిన్ పట్టి, దానికి అయిదు తీగలు పెట్టించి గమకాలు పలికించాడు. 2014లో ఆయన పోయేనాటికి ఆ వాద్యం మన కచేరీలలో పరాయిది కానేకాదు.

కాబట్టి ఆ అమ్మాయి వేలిలో తప్పు లేదు, గిటారులోనూ లేదు. అది వేరే పనికి చేసిన పనిముట్టు. నాయనమ్మగారి వీణా పాడైపోలేదు. ఎండలకు మైనం మెత్తబడి మెట్లు జరిగాయి, అంతే. పాత మైనం తీసి, కొత్తది పోసి, ఒక్కొక్క మెట్టునూ చెవితో స్థానం చూసి నిలబెడతారు. దీన్నే మేళం కట్టడం అంటారు. ఇంగితం ఉన్న ఏర్పాటు కదూ! ఈ సంగతి తెలిశాక ఫిట్టరుగారు అమ్మకం మాట ఎత్తలేదు. మేళం కట్టేవారెక్కడని అడగసాగాడు.

ఆ ప్రశ్న ఆయన ఒక్కడిదే కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసమానును తొలిచి వీణలు చేసే కుటుంబాలున్నాయి. వీణ కొన్నవారు కొన్నాళ్లకు మేళం కట్టించకపోతే అది కూటగదిలో బొమ్మగా మిగులుతుంది. కట్టించేవారు తగ్గితే కట్టే చేతులూ తగ్గుతాయి. మీ ఇంట మూలన వీణ ఉంటే, ముందు దాన్ని ఎండ తగలని చోటికి జరపండి. తరువాత మేళం కట్టేవారికి కబురు పంపండి. అమ్మే సంగతి, అది ఒకసారి పలికిన తరువాత ఆలోచించవచ్చు.